పే స్లిప్పు, మెయింటెనెన్సు, నూరు రూపాయల స్టాంపు పేపరు

ఆటోనగర్‌లో జీతాల లెక్కలు చూసే ఉద్యోగం చేస్తే ఎవరింట్లో ఏం జరుగుతోందో అడక్కుండానే తెలిసిపోతుంది. ముందు సెలవులు పెరుగుతాయి, తర్వాత అడ్వాన్సులు, ఆ తర్వాత పీఎఫ్ నామినీ మార్చాలని అడగటం, చివరికి కోర్టు నుంచి జీతం అటాచ్‌మెంట్ ఆర్డరు, అంటే జీతంలోంచి ఇంత కోయమనే ఉత్తర్వు. విడాకులంటే మనవాళ్లు తప్పెవరిది, అత్తగారు ఏమంది, ఆడపడుచు ఏమంది అనే దగ్గరే రోజులకి రోజులు కూర్చుంటారు గానీ, డబ్బు సంగతి తేలేది మాత్రం జీతం కాగితాల మీద. నాకు తెలిసిన వైపు అదే కాబట్టి అదే రాస్తున్నా.

"మేడం, ఒక మూడు నెలలకి స్లిప్పులు కాస్త తగ్గించి ఇవ్వండి, ఓటీ (ఓవర్‌టైం) చూపించొద్దు" అని, కోర్టులో జీతం తక్కువగా చూపించడానికి మెల్లిగా అడిగేవాళ్లు ఉంటారు. ఓ కుర్రాడు అలాగే వచ్చి నిలబడితే, ఆ అబ్బాయి ఫోన్‌లోనే బ్యాంకు యాప్ తెరిపించి, ప్రతినెలా కంపెనీ పేరుతో పడిన మొత్తాలు చూపించాను. నేను స్లిప్పు మార్చినా అది మారదుగా బాబూ, పీఎఫ్ పాస్‌బుక్ మారదు, పన్ను కోత చూపించే ఫారం 16 మారదు అంటే కాసేపు తల గోక్కుని వెళ్లిపోయాడు. 2020 నవంబరులో రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి మెయింటెనెన్స్ (భరణం) కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో రాసి ఇవ్వాలి. అందులో అబద్ధం రాస్తే అదో కొత్త కేసు. ఉన్న ఉద్యోగం మానేసి "నాకు ఆదాయం లేదు" అనే తెలివి కూడా పనిచేయదు, ఒళ్లు బాగున్న మనిషికి సంపాదించే శక్తి ఉందనే కోర్టు చూస్తుంది. పండక్కి కొన్న బుల్లెట్ ఈఎంఐని చూపించి చేతికి వచ్చేది ఇంతే అనే వాదన కూడా పెద్దగా నిలబడదు. పీఎఫ్, పన్ను లాంటి తప్పనిసరి కోతలు వేరు, మనం ఇష్టపడి తెచ్చుకున్న అప్పు వేరు.

ఎంత వస్తుందని అడిగితే అందరూ "జీతంలో పాతిక శాతం" అనేస్తారు. 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో చేతికొచ్చే జీతంలో 25 శాతం సబబు అన్న మాట నిజమే, కానీ చట్టంలో అలాంటి లెక్కేమీ లేదు. పిల్ల ఫీజులు, ఇంటి అద్దె, మందులు, ఆమె సంపాదన అన్నీ చూసి జడ్జి నిర్ణయిస్తారు. ఆమె బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో నిలబడి తొమ్మిది వేలు తెచ్చుకుంటోంది కాబట్టి ఏమీ రాదనుకోవడం కూడా తప్పే, ఆ తొమ్మిది వేలతో కాపురంలో ఉన్నప్పటి స్థాయిలో బతకగలదా అన్నది అసలు ప్రశ్న.

మెయింటెనెన్స్ కేసుని లాయర్లు ఇప్పటికీ పాత సీఆర్‌పీసీ 125వ సెక్షన్ పేరుతో "నూటపాతిక కేసు" అనే అంటారు గానీ 2024 జులై 1 నుంచి అది కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 144వ సెక్షన్. భర్త హైదరాబాద్‌లో ఉన్నా ఆమె గుంటూరులో పుట్టింట్లో ఉంటే గుంటూరులోనే వేయొచ్చు. నోటీసు అందాక 60 రోజుల్లో, వీలైనంతవరకు, మధ్యంతర భృతి (కేసు తేలేదాకా ఇచ్చే మెయింటెనెన్స్) తేల్చాలని చట్టమే చెబుతోంది. మెయింటెనెన్స్‌ని దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్క కట్టాలనీ అదే 2020 తీర్పు చెప్పింది. అంటే పెద్దమనుషులు ఈ నెల, వచ్చే నెల అని తిప్పుతుంటే పోయేది మీ డబ్బే.

ఇంకోటి చాలామందికి తెలీదు. ఆర్డరు వచ్చి ఆయన కట్టకపోతే, బాకీ పడిన తేదీ నుంచి ఏడాదిలోపు వారెంట్ కోసం దరఖాస్తు పెట్టుకోవాలి, ఏడాది దాటిన నెలలకి ఆ దారి మూసుకుపోతుంది. కట్టనందుకు జైలుకి వెళ్లొచ్చినా బాకీ మాఫీ అవదు. ఇక సివిల్ డిక్రీ (సివిల్ కోర్టు తీర్పు) అమలులో జీతం అటాచ్ చేస్తే, మామూలు అప్పుకైతే మొదటి వెయ్యి రూపాయలు వదిలేసి మిగతాదాంట్లో మూడోవంతు వరకే ముట్టుకోవచ్చు, మెయింటెనెన్స్‌కైతే మూడింట రెండు వంతుల దాకా. ఆర్డరు అందాక కూడా కోయకుండా మొత్తం జీతం ఇచ్చేస్తే ఆ డబ్బుకి కంపెనీయే బాధ్యత, కాబట్టి మా దగ్గరికి వచ్చి బతిమాలినా లాభం లేదు.

"పాపని చూపించట్లేదు, నేనెందుకు ఇవ్వాలి" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చూడటానికి వేరే పిటిషన్ వేసుకో నాయనా, పాప అన్నం అందాకా ఆగదు కదా. తల్లి ఒప్పంద పత్రంలో "నాకూ నా బిడ్డకూ ఏమీ వద్దు" అని సంతకం పెట్టినా బిడ్డ హక్కు పోదు, అది ఆమె వదులుకునే హక్కే కాదు.

ఇక స్టాంపు పేపరు. పెద్దమనుషుల ముందు నూరు రూపాయల పేపరు మీద "ఇకపై మా ఇద్దరికీ ఏ సంబంధం లేదు" అని రాసుకుని, నగలు, సామాన్లు తీసుకుని విడిపోయినవాళ్లు మన జిల్లాల్లో కొల్లలు. హిందూ వివాహ చట్టం కింద అది విడాకులు కాదు. కులాచారంలో విడాకులు ఉన్నాయని గట్టిగా నిరూపించుకోగలిగితే తప్ప కోర్టు డిక్రీ ఉండాల్సిందే. ఆ పేపరు నమ్మి ఇంకో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, ప్రభుత్వోద్యోగి అయితే ఉద్యోగానికీ ముప్పే. ఇద్దరికీ ఇష్టమే అయితే ఏడాది విడిగా ఉన్నాక అదే చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకార విడాకులకి వేసుకోండి, మధ్యలో ఆరు నెలల గడువుని తగిన కారణాలుంటే కోర్టు మాఫీ చేయొచ్చని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

వాయిదాల కోసం సెలవులు పెట్టి పెట్టి చివరికి ఉద్యోగం పోయే ఆడవాళ్లు కూడా ఉంటారు. "మానేశావుగా, నెల జీతం వచ్చే నెల ఇస్తాలే" అనే ఓనర్‌కి చెప్పండి, 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం మానేసినా తీసేసినా రెండు పనిదినాల్లో బాకీ ఇవ్వాలి. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు కంపెనీ ఇవ్వాల్సిన డబ్బు, ఉంది. చివరి జీతం, అంటే బేసిక్, డీఏ కలిపి 13,000 అనుకోండి, దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే 7,500, ఆరేళ్లకి 45,000. అది దయ కాదు, అడగండి. ఇవ్వకపోతే లేబర్ ఆఫీసుకి వెళ్లండి.

లాయర్ ఫీజు భయంతో ఆగకండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. వెళ్లేటప్పుడు పెళ్లి ఫోటో, పాప బర్త్ సర్టిఫికెట్, ఆయన పనిచేసే కంపెనీ పేరు, మీ దగ్గరుంటే పాత స్లిప్పు ఒకటి, స్కూలు ఫీజు రసీదులు పట్టుకెళ్లండి.

డిక్రీ వచ్చాక మాత్రం పీఎఫ్ నామినేషన్ దానంతటదే మారుతుందని అనుకోవద్దు, యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) పోర్టల్‌లో మీరే ఈ-నామినేషన్ వేసుకోవాలి. పాప పేరు పెడితే మైనరు కాబట్టి గార్డియన్ ఎవరని అడుగుతుంది. ఆ గడిలో ఎవరి పేరు రాయాలో మీరిద్దరూ కోర్టులో తేల్చుకుని రండి, నా టేబుల్ దగ్గర కాదు.