మద్రాసు కాసుల సేకరణ: రాగి విడత

ముందు ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు నాణేల లెక్క వంటపట్టాలి. 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. వరహాకు 3,360 కాసులన్నమాట. 1818లో మద్రాసు ప్రెసిడెన్సీ రూపాయికి మారినప్పుడు 100 వరహాలకు 350 రూపాయలు కట్టారు. ఆ లెక్కన రూపాయికి 960 కాసులు. అందుకే ఉత్తర సర్కారుల కోసం 1794, 1797 సంవత్సరాలతో వచ్చిన ‘రూపాయికి 48’ రాగి నాణేన్ని ట్రేలో 20 కాసుల పక్కనే పెట్టాం.

ఈ విడతలో చేరినవి 1803, 1808 నాటి 20, 10 కాసులు. రెండూ బర్మింగ్‌హామ్ దగ్గరి సోహో టంకశాల అచ్చులే. ఒకవైపు కంపెనీ చిహ్నం, సంవత్సరం. రెండోవైపు పారశీ అక్షరాలు, వాటి కింద రోమన్ అంకెల్లో విలువ. 20 కాసులు సుమారు 9.3 గ్రాములు, 10 కాసులు అందులో సగం. 0.01 గ్రాము దాకా చూపే తక్కెడ చాలు. అంచు చుట్టూ అతుకు గీత, మొద్దుబారిన అక్షరాలు, అక్షరాల చుట్టూ ఖాళీ భాగంలో గుంటలు కలిసి కనిపిస్తే పోతపోసిన నకిలీ అని అనుమానించాలి. గుంటలు మాత్రమే ఉంటే తొందరపడి తీసేయకూడదు, ఎందుకంటే 1808 నాణేల్లో చాలావాటికి సముద్రం దెబ్బ తగిలింది. వాటిని మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరాన గుడ్విన్ ఇసుకమేటల మీద మునిగింది. 1980లలో ఆ సరుకు పైకి తీశారు.

అసలు పని ఇలాంటి నాణేలతోనే. రాగిలో ఉప్పు మిగిలితే లేతాకుపచ్చ పొడి లేస్తుంది. పుల్లతో గీకినా మళ్ళీ వస్తుంది: రాగి క్లోరైడ్ గాలిలోని తేమతో కలిసి ఆమ్లమై కొత్త రాగిని తింటుంది. మన కోస్తా గాలిలో ఇది మరీ త్వరగా ముదురుతుంది. గాజు సీసాలో డిస్టిల్డ్ వాటర్ పోసి, ఒక్కో నాణేన్ని విడిగా నానబెట్టి, మూడు రోజులకోసారి నీళ్ళు మార్చాలి. తీసిన నీటిలో కొంచెం వేరే గొట్టంలో పోసి సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే, తెల్లగా విరిగినంతకాలం ఉప్పు ఇంకా వస్తున్నట్టే. కుళాయి నీళ్ళలోనే క్లోరైడ్ ఉంటుంది కాబట్టి అవి పనికిరావు. తర్వాత అసిటోన్‌లో ముంచి, మంటకు దూరంగా ఆరబెట్టాలి.

చింతపండు మాత్రం వద్దు. రాగి చెంబుకు అది మంచిదే, నాణేనికైతే రెండు శతాబ్దాల పైపొరను ఊడదీసి గులాబీ రంగుకు తెస్తుంది. ఆ పొర మళ్ళీ రాదు. పీవీసీ కవర్లు కూడా వేడికి జిగురు వదిలి నాణేన్ని పచ్చబరుస్తాయి. మైలార్ (పాలియెస్టర్ ప్లాస్టిక్) కవరు, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన గట్టి మూత డబ్బా వాడుతున్నాం.

తర్వాతి విడత వెండి పావు వరహా: ఒకవైపు గోపురం, రెండోవైపు విష్ణుమూర్తి చుట్టూ తమిళంతోపాటు తెలుగు అక్షరాలు.