ప్రశ్నలూ వాళ్లవే, జవాబులూ వాళ్లవే!

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో చాలామందిని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బు మీద ఒక పత్రికకి కథనం రాశాను. మాది సోంపేట దగ్గర పల్లె, రోగుల్ని ఇళ్లకెళ్లి కలిశాను, మిగతావాళ్లని మెయిల్లోనే అడిగాను.

వేరే రాష్ట్రంలో ఉన్న కిడ్నీ డాక్టరుగారితో ఏ ఇబ్బందీ లేదు. మెయిల్ సబ్జెక్టులోనే విషయం, గడువు తేదీ రాశాను. నేనెవరో, ఏ పత్రికకో, ఆవిడ మాటలు పేరుతో సహా అచ్చవుతాయనీ ముందే చెప్పి, అయిదే ప్రశ్నలు పెట్టాను. నీళ్లలో సిలికా అనే ఖనిజం దగ్గర్నుంచి ఎండలో పని దాకా అనుమానాలు చాలా ఉన్నా అసలు కారణం ఇంకా తేలలేదని ఓపిగ్గా వివరించారు. కథనం మొత్తం ముందే చూపించమన్నారు. అది కుదరదండీ అని, ఆవిడ చెప్పిన వాక్యాలు మాత్రం పంపాను, సరే అన్నారు.

ఇక మన జిల్లాలో ఒక ఆఫీసు! పేరు రాయను. 2023 డిసెంబరులో పలాసలో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి గురించీ, హిరమండలం రిజర్వాయరు నుంచి వచ్చే తాగునీటి గురించీ అడిగితే, జవాబుకి బదులు ఫోన్ చేసి శ్రీకాకుళం రమ్మన్నారు. వెళ్తే నా మెయిల్ ప్రింటు తీసి ఉంది, పైన ఎర్ర సిరాతో "ఎవరీమె?" అని. పెద్దసారు అక్కడున్న కాంట్రాక్టర్లకి నా ప్రశ్నలు గట్టిగా చదివి వినిపించి, "ఏటమ్మా, ఇంట్లో కూర్చుని మమ్మల్ని పరీక్ష రాయమంటున్నావా?" అన్నారు. అందరూ నవ్వారు. నిలబడే ఉన్నాను, కుర్చీ చూపించినవాళ్లు లేరు. మగ విలేకరి వెళ్తే టీ వచ్చేది, నాకు తెలుసు.

తర్వాత మెయిల్ వచ్చింది, అందులో జవాబులతోపాటు ప్రశ్నలు కూడా వాళ్లే రాసుకున్నారు! "ఇవి నా ప్రశ్నలు కావండి. నా మూడో, నాలుగో ప్రశ్నలకి గురువారం సాయంత్రంలోగా సమాధానం రాకపోతే, అడిగినా చెప్పలేదని రాస్తాను" అని మర్యాదగానే తిరిగి రాశాను. గడువు దాటకుండా అంకెలతో సహా వచ్చింది. పదేళ్ల నుంచి రాస్తున్న సీనియర్లకి కూడా ఇవ్వని అంకెలు అవి.

మీరూ ఇలా గడువు పెట్టి మెయిల్ రాసేటప్పుడు మాత్రం పత్రిక ఎడిటర్ని కాపీలో ఉంచండి. ఫోన్లో ఏమన్నా చెబితే వెంటనే "మీరన్నది ఇదే కదండీ" అని మెయిల్ పెట్టేయండి, రేపు నేనలా అనలేదంటే చూపించడానికి ఉంటుంది.