ఆటోలో మర్చిపోయిన ఫోన్

నిన్న మా సేల్స్ కుర్రాడు ఉప్పల్‌లో ఆటో దిగి ఫోన్ సీట్లోనే వదిలేశాడు. "అన్నా, కస్టమర్ల లిస్టంతా అందులోనే ఉంది" అని ఎవరిదో ఫోన్ నుంచి ఒకటే టెన్షన్. కూర్చున్నచోటి నుంచే, ఆ ఫోన్‌లోని ఆఫీసు డేటా చెరిపేసే వైప్ కమాండ్ పంపాను. స్క్రీన్ మీద 'పెండింగ్'. ఆ ఫోన్‌కి నెట్ అందేదాకా మన కమాండ్ గాల్లోనే! 40 నిమిషాలకు 'పూర్తయింది' అని వచ్చాక గానీ టీ గొంతు దిగలేదు.

చెరిగిపోయినవి బ్రీఫ్‌కేస్ గుర్తున్న ఆఫీసు యాప్‌లే. ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్, అంటే ఆఫీసు యాప్‌లకు వేరే అర, విడిగా పెట్టాం కాబట్టి సొంత ఫొటోల జోలికి పోలేదు. పోయిన ఫోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన సంచార్ సాథీ పోర్టల్‌లో బ్లాక్ చేయిద్దామనుకుంటుండగా, పొద్దున ఆటో అన్నే తెచ్చిచ్చాడు. కుర్రాడు ముందు చూసుకున్నది పాప ఫొటోలు.

ఆరంకెల పిన్ పెట్టమంటే నన్ను తిట్టుకున్నది వీడే. ఇవాళ ఇరానీ చాయ్ మాత్రం వాడి ఖాతాలో.