తన బాల్యమందువలె

ఇటీవల ఒక స్త్రీల కూడికలో ప్రసంగీకులు లేవీయకాండము 21వ అధ్యాయం 9వ వచనం చదివి, యాజకుని కుమార్తె దారి తప్పితే ఆమెను అగ్నితో కాల్చివేయాలన్న విధిని సేవకుల కుమార్తెలందరికీ హెచ్చరికగా చెప్పి, గ్రంథం మూసివేశారు. ఒక్క పుట తిప్పి ఉంటే 22వ అధ్యాయం 13వ వచనం కనిపించేది. శిక్ష దగ్గరే ఆగిపోయి, అదే కుమార్తెకు దేవుడు వేయించిన విస్తరిని చూపకపోవడం నన్ను ఆ రోజంతా బాధపెట్టింది.

ఆ 22వ అధ్యాయంలోని విధి ఇది. యాజకుల మూలపురుషుడైన అహరోను వంశపు కుమార్తె పుట్టింట ప్రతిష్ఠార్పణమును, అనగా యాజకుల కొరకు ప్రత్యేకించిన పరిశుద్ధాహారమును తింటుంది. అన్యునికి, అనగా యాజకవంశీయుడు కానివానికి భార్య అయితే ఆ హక్కు ఆగిపోతుంది. విధవరాలైనా, విడనాడబడినదైనా, సంతానం లేకపోతే తిరిగివచ్చి "తన బాల్యమందువలె" తండ్రి ఆహారమును తినవచ్చు.

'విడనాడబడినది' అన్న మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ముందు అధ్యాయంలోనే, విడనాడబడిన స్త్రీని యాజకుడు పెండ్లాడకూడదనీ, ప్రధానయాజకుడు విధవరాలిని సైతం చేసుకోకూడదనీ ఉంది. ఏ స్థితి ఒక స్త్రీని యాజకుని పెండ్లిపీటకు దూరం చేసిందో, అదే స్థితిలో ఇంటికి వచ్చిన కుమార్తెను యాజకుని భోజనపు బల్లకు దూరం చేయలేదు.

యూదు పెద్దలు ఈ వచనాన్ని ఎంతో నిశితంగా చదివారు. బలిలో యాజకునికి వచ్చే బోర, జబ్బ ఆమెకు తిరిగి రావన్నారు. గర్భవతిగా వస్తే 'బాల్యమందువలె' కాదు గనుక ప్రతిష్ఠార్పణం తినకూడదన్నారు. కన్న బిడ్డ చనిపోతే మాత్రం మళ్లీ తినవచ్చన్నారు. ఈ నియమాలన్నీ పరిశుద్ధాహారాన్ని గురించినవే గాని, ఇంట్లో పెట్టే మామూలు అన్నాన్ని గురించినవి కావు. అన్యుని భార్య అయినంత మాత్రాన ఆమె పుట్టుక చెరిగిపోదు కూడా: బలిగా కాక మామూలుగా వధించిన పశువులో యాజకునికి చెందే జబ్బ, దవడలు, పొట్టను ఉల్లా అనే గురువు యాజకుని కుమార్తెకే ఇచ్చేవాడనీ, రవ్ కహనా అనే మరో గురువు, యాజకుని కుమార్తె అయిన తన భార్యను బట్టి ఆ భాగాన్ని తినేవాడనీ యూదు పెద్దల బోధల గ్రంథమైన తాల్ముదు చెబుతుంది. సా.శ. 70లో దేవాలయం కూలినా, ఆమె కన్న జ్యేష్ఠ కుమారునికి తొలిచూలు బిడ్డ కోసం యాజకునికి ఇచ్చే ఐదు షెకెలుల (వెండి నాణెముల) విడుదల సొమ్ము చెల్లించనక్కరలేదన్న నియమం యూదుల ఇళ్లలో నేటికీ నడుస్తున్నది.

ఈ వచనం చదివినప్పుడల్లా నాకు మా మేనత్త కళ్లముందు నిలుస్తుంది. భర్త పోయి, పిల్లలు లేక పుట్టింటికి చేరిన ఆమె, అందరూ తిని లేచాక వంటింటి గడప పక్కన పీట వేసుకుని, గిన్నె అడుగున మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని తినేది. ఆమెను ఎవరూ పొమ్మనలేదు, కాని పంక్తిలోకి రమ్మని పిలిచినవారూ లేరు. ప్రతి రాత్రీ కుటుంబ ప్రార్థనలో "మా అనుదినాహారము" అని పలికిన మేమే, ఆ పీటను చూడలేకపోయాము. ఆమె వెళ్లిపోయి చాలా ఏళ్లయింది.

మీ ఇంట అలా తిరిగివచ్చిన అక్కగాని, చెల్లెలుగాని, మేనత్తగాని ఉంటే, పిల్లలున్నా లేకున్నా, ఈ ఆదివారం ఆమె అడగక ముందే విస్తరి వేసి, మొదటి వడ్డన ఆమెకే చేయండి. పెళ్లికి ముందు ఆమె ఎక్కడ కూర్చుని తినేదో గుర్తున్న పెద్దలుంటే అడిగి తెలుసుకుని, ఆమెను అక్కడే కూర్చోబెట్టండి.