పీఠభూమి మీద హెలికాప్టర్ పాఠాలు

తోకను నా వైపు ఉంచి రేడియో కంట్రోల్ హెలికాప్టర్‌ను గాలిలో నిలపడం నాకు వచ్చి చాలా కాలమైంది. ముందుకు పంపడం, ఎడమవైపు తిప్పి వెనక్కి తెచ్చుకోవడం, కుదుపు లేకుండా దించడం కూడా వచ్చు. అక్కడితో ఆగిపోయాను. బ్యాటరీల మీద బ్యాటరీలు ఖాళీ అవుతున్నా నైపుణ్యం మాత్రం ఉన్నచోటనే ఉంది. ఎత్తైన పీఠభూమి మీద ఒక గడ్డి మైదానం ఉందని, అక్కడ కొత్తవారికి కాకుండా ఇలా మధ్యలో ఆగిపోయినవారికి పాఠాలు చెప్పే పెద్దాయన ఒకరున్నారని తోటివారు చెప్పగా విని ప్రయాణం కట్టాను.

ఏ హెలికాప్టర్‌ను వెంట తీసుకెళ్లాలన్నది చివరికి బ్యాటరీలే నిర్ణయించాయి. లిథియం విడి బ్యాటరీలను విమానంలో చెక్-ఇన్ సామానులో వేయనివ్వరు. టెర్మినళ్లు ఒకదానికొకటి తగలకుండా కప్పి, చేతిసంచిలోనే పెట్టుకోవాలి. ఒక్కో బ్యాటరీ 100 వాట్ అవర్ల లోపు ఉంటే పేచీ లేదు. 100 నుంచి 160 మధ్య ఉంటే విమానసంస్థ ముందుగా అనుమతించాలి, అప్పుడు కూడా రెండింటికి మించి విడి బ్యాటరీలు కుదరవు. నా పెద్ద, 600 తరగతి హెలికాప్టర్‌కు వాడే ఆరు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ 22.2 వోల్టులది, సామర్థ్యం 5000 మిల్లీ ఆంపియర్ అవర్లు; లెక్క వేస్తే 111 వాట్ అవర్లు తేలింది. చిన్నదైన 450 తరగతి దానికి వాడే మూడు సెల్లుల, 2200 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ 25 వాట్ అవర్లు దాటదు. రెండే బ్యాటరీలతో శిక్షణకు వెళ్లడంలో అర్థం లేదు కనుక 325 మిల్లీమీటర్ల బ్లేడ్లున్న చిన్నదాన్నే బ్లేడ్లు విప్పి పెట్టెలో సర్దాను. బ్యాటరీలను పూర్తి ఛార్జితో కాక సెల్లుకు 3.8 వోల్టుల నిల్వ స్థాయిలోనే ఉంచాను.

దారి గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. విమానం దిగి, బస్సెక్కి, కొండదారి మలుపుల్లో పెట్టెను ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే సాయంత్రానికి చేరాను. మైదానం మాత్రం చూడదగ్గది. చుట్టుపక్కల ఎక్కడా చెట్టు గాని కరెంటు తీగ గాని కనిపించలేదు. ఎగరేసేవారు నిలబడే గీత, దానికి 10 మీటర్ల ముందు హెలికాప్టర్లు లేచే చదునైన చోటు, చూసేవారి కోసం గీతకు బాగా వెనకగా కంచె ఉన్నాయి. ఉదయపు ఎండ ఎగరేసేవారి వీపు మీద పడేలా ఆ గీతను గీశారు. ఎండకు ఎదురుగా నిలబడి హెలికాప్టర్ నల్లటి నీడలా మారిపోవడం, అది మన వైపు వస్తోందో మన నుంచి పోతోందో తెలియకపోవడం అనుభవమైనవారికి ఆ ఏర్పాటు విలువ తెలుస్తుంది.

పెద్దాయన ఈ విద్య నేర్చింది గ్లో ఇంజన్ల, అంటే ద్రవ ఇంధనంతో నడిచే చిన్న ఇంజన్ల కాలంలో. 1970ల తొలినాళ్లలో జర్మన్ ఇంజినీరు డీటర్ ష్లూటర్ ఈ హెలికాప్టర్లను సాధారణ అభిరుచిదారులకు అందుబాటులోకి తెచ్చినప్పుడు వాటికి జైరో, అంటే అనుకోకుండా తిరగడాన్ని పసిగట్టి సరిదిద్దే పరికరం, ఉండేది కాదు, తోకను బొటనవేలితోనే నిలపాలి. ఈయన చేతికి తొలి హెలికాప్టర్ వచ్చేనాటికి యాంత్రిక జైరో వచ్చింది గాని, గాలి తిరిగితే తోక కూడా తిరిగేదట. ఇప్పుడు రోటర్‌ను నిలకడగా ఉంచే ఫ్లైబార్ కడ్డీ పోయి, మూడు అక్షాల జైరోలున్న చిన్న పెట్టె ఆ పని చేస్తోంది. అయినా ఎంత ఒరిగిందన్నదే ఆ పెట్టెకు తెలుస్తుంది, ఎక్కడ ఉందన్నది తెలియదు. జీపీఎస్ సాయంతో తనంతట తానే గాలిలో నిలబడే కెమెరా డ్రోన్‌కు, స్టిక్కుల మీది వేళ్లు తీస్తే ఎటో కొట్టుకుపోయే హెలికాప్టర్‌కు తేడా అక్కడే ఉంది.

మొదటి ఉదయం ఎగరడానికి ముందే చాలాసేపు గడిచింది. ఆయన నా హెలికాప్టర్‌ను చేతిలోకి తీసుకొని, బ్లేడ్లు నేలకు సమాంతరంగా చాచుకునేలా పక్కకు తిప్పి పట్టుకున్నారు. బ్లేడ్లు తమ బరువుకు తాము వాలకూడదు, చిన్న కుదుపు ఇస్తే మాత్రం కదలాలి. బోల్టు బిగువు అంతే ఉండాలి. తరువాత బ్లేడ్లను పట్టి ఉంచే రోటర్ హెడ్‌ను రెండు వేళ్లతో పట్టి ఎత్తి, ముక్కు కిందికి దిగుతోందని గమనించి బ్యాటరీని వెనక్కి జరిపారు. బ్లేడ్ల కోణాన్ని మార్చే స్వాష్‌ప్లేట్‌కు కలిపే కడ్డీల చివర ప్లాస్టిక్ లింకులను ఒక్కొక్కటిగా వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతూ, ఒకదాని దగ్గర ఆగి, గోటితో నొక్కి చూపించారు. మిగతావి బంతి మీద బిగువుగా, జారుడుగా కదులుతుంటే అది మాత్రం టకటకమంటోంది. దాన్ని మార్చేదాకా మోటారు తిప్పనివ్వలేదు.

మైదానం సముద్రమట్టానికి దాదాపు 1500 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టం దగ్గరకన్నా 14 శాతం దాకా తక్కువ. పుస్తకాల్లో చదివిన ఈ సంగతి మొదటి హోవర్‌లోనే (గాలిలో ఒకేచోట నిలపడంలోనే) బొటనవేలికి తెలిసింది. కొండ కింద ఎగరేసేటప్పుడు మధ్యలో ఉండే కలెక్టివ్ స్టిక్ (అన్ని బ్లేడ్ల కోణాన్ని ఒకేసారి మార్చి ఎత్తును నడిపేది) ఇక్కడ ఇంకా పైకి పోతేగాని హెలికాప్టర్ లేవలేదు, తోక కూడా కాస్త మందకొడిగా స్పందించింది. ఆయన హెడ్ స్పీడ్, అంటే రోటర్ తిరిగే వేగం, కొంచెం పెంచించి, దాంతో కరెంటు వాడకం పెరుగుతుంది కాబట్టి ట్రాన్స్‌మిటర్‌లోని టైమర్‌ను తగ్గించమన్నారు. బ్యాటరీలో అయిదో వంతు మిగిలి ఉండగానే దించాలన్నది అక్కడ అందరూ పాటించే నియమం.

తరువాత ఆయన పెట్టిన నియమమే ఈ ప్రయాణానికంతా ప్రాణం. “మోటారు తిప్పే ముందు, ఈ బ్యాటరీతో ఏం నేర్చుకోబోతున్నారో నాకు చెప్పండి. చెప్పలేకపోతే ఎగరేయకండి,” అన్నారు. ఒక బ్యాటరీకి ఒకే అభ్యాసం. అది అయిపోయాక మిగిలిన ఛార్జితో సరదాగా రెండు చుట్లు కొట్టడం కూడా ఆయనకు ఇష్టం లేదు; ఆ రెండు చుట్లలో చేతులు పాత అలవాట్లకే తిరిగి పోతాయంటారు. ఆయన పట్టుదల మొదట అతిగా తోచింది. రెండో రోజుకు నా అభిప్రాయం మారింది, ఎందుకంటే వచ్చిన విన్యాసాన్నే మళ్లీ మళ్లీ చేయడానికి మనసు ఎన్ని సాకులు వెతుకుతుందో గట్టిగా పైకి చెప్పవలసి వచ్చినప్పుడు తెలిసింది.

హోవర్‌తోనే మొదలుపెట్టించారు. నేలకు మరీ దగ్గరగా నిలుపుతున్నానని, పైకి తీసుకెళ్లమని ఆయన మొదటి మాట. భయంవల్ల చాలామంది మోకాలి ఎత్తులోనే హోవర్ చేస్తారు గాని, రోటర్ వ్యాసమంత ఎత్తు లోపల నేలకు తగిలి తిరిగివచ్చే గాలి హెలికాప్టర్‌ను అటూ ఇటూ తోస్తుంది. కంటి ఎత్తుకు తీసుకెళ్లగానే అది తేలికపడింది. హెలికాప్టర్ కొద్దిగా కుడివైపు ఒరిగి నిలబడుతోందని, ట్రిమ్ (స్టిక్ వదిలినప్పటి మధ్య స్థానం) సరిచేయనా అని అడిగితే ఆయన వద్దన్నారు. పైనుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరిగే రోటర్ శరీరాన్ని వ్యతిరేక దిశలో తిప్పబోతుంది. దాన్ని ఆపే టెయిల్ రోటర్ మొత్తం హెలికాప్టర్‌ను ఎడమకు నెడుతుంది. ఆ నెట్టుడుకు సమాధానమే ఆ చిన్న ఒరుగు.

తరువాత ముక్కును 45 డిగ్రీల చొప్పున తిప్పుకుంటూ ఎనిమిది దిశల్లో నిలపాలి. ఏ దిశలో చెయ్యి తడబడుతుందో ఆ దిశకే సగం బ్యాటరీ కేటాయించాలి. తోకను కాక ముక్కునే చూస్తూ, తోకను తిప్పే రడ్డర్ స్టిక్‌తో ముక్కును నడుపుతున్నాననుకోమన్నారు. అన్నిటికన్నా కష్టమైనది ముక్కు మన వైపు ఉండే హోవర్. అక్కడ ఎడమకు జరుగుతున్న హెలికాప్టర్‌ను ఆపాలంటే స్టిక్‌ను ఎడమకే నెట్టాలి. అరచేతి మీద నిలబెట్టిన కర్ర ఎటు వాలితే చేతిని అటే జరుపుతామే, అలాగ. కాక్‌పిట్‌లో కూర్చున్నట్టు ఊహించుకోవాలని చాలామంది చెప్పే సలహాను ఆయన పట్టించుకోరు. గాలి వీచినప్పుడు అంత ఊహించే సమయం ఉండదని ఆయన వాదన. నాకు ఆ వాదన సగమే నచ్చింది. కర్ర సూత్రం హోవర్‌కు చాలు గాని, హెలికాప్టర్ వేగంగా మన వైపు దూసుకొస్తూ మలుపు తిరుగుతున్నప్పుడు అది గందరగోళపరుస్తుంది. అక్కడ ఊహే ఆదుకుంది.

నా హెలికాప్టర్‌లోని జైరో పెట్టెకు రెస్క్యూ సదుపాయం ఉంది. స్విచ్ వేస్తే హెలికాప్టర్ తనంతట తానే సమంగా నిలబడి పైకి లేస్తుంది. పాతకాలపు మనిషి కదా, దాన్ని ఎగతాళి చేస్తారేమో అనుకున్నాను. ఆయన తప్పనిసరిగా వాడమన్నారు, ఒక్క షరతు మీద: స్విచ్ వేసిన ప్రతిసారీ దించి, ఏ స్టిక్ ఎటు నెట్టి ఉంటే దాని అవసరం రాకపోయేదో చెప్పాలి. సాయంత్రాలు ల్యాప్‌టాప్‌లో సిమ్యులేటర్ మీద కూర్చున్నప్పుడు కూడా అదే షరతు. సిమ్యులేటర్‌లో క్రాష్‌కు ఖర్చు లేదు, ఒక బటన్‌తో కొత్త హెలికాప్టర్ వస్తుంది. ఆ సుఖమే నేర్చుకోవడాన్ని దెబ్బతీస్తుందని ఆయన నమ్మకం. బటన్ నొక్కే ముందు కారణం చెప్పుకోవడం మొదలయ్యాక నా అభ్యాసాల సంఖ్య తగ్గింది, ఒకే రకం క్రాష్ మళ్లీ రావడం అంతకన్నా తగ్గింది.

వృత్తాలకు వచ్చాక నా ఎడమచేతివాటం బయటపడింది, అంటే ఎప్పుడూ ఎడమ మలుపులే తిప్పడం. ప్రతివారికీ ఒక ఇష్టమైన పక్క ఉంటుందట. ఆయన ఎడమ మలుపును పూర్తిగా నిషేధించి, కుడివైపు వృత్తాలే తిప్పించారు. మలుపులో నాలుగు పనులు కలిసి జరగాలి: ఎయిలెరాన్‌తో ఒరిగించడం, ఎలివేటర్‌ను వెనక్కి లాగడం, రడ్డర్‌తో తోకను మలుపు వెంట తేవడం, కలెక్టివ్‌తో ఎత్తు నిలపడం. మధ్యాహ్నానికి గాలి పెరిగాక ఎనిమిది అంకె ఆకారం మొదలైంది. గాలి వెంట పోతున్నప్పుడు నేల మీది వేగం పెరిగినట్టు కనబడి చెయ్యి దానంతటదే వెనక్కి లాగుతుంది. అలా లాగితే గాలిలోని అసలు వేగం పడిపోయి, ముందుకు పోవడంవల్ల దొరికే అదనపు లిఫ్ట్ (పైకెత్తే బలం) పోయి హెలికాప్టర్ దిగిపోతుంది. అక్కడ చేతిని ఆపుకోవడమే ఆ పూటంతా నేను నేర్చుకున్న పాఠం.

ఆటోరొటేషన్, అంటే మోటారు ఆపేసి దించే పాఠానికి నా 450ను పక్కనపెట్టి తన 700 తరగతి హెలికాప్టర్‌ను తెచ్చారు. చిన్న బ్లేడ్లలో నిలిచే శక్తి తక్కువ, అవి త్వరగా ఆగిపోతాయి. పెద్ద, బరువైన బ్లేడ్లు నేర్చుకునేవాడికి ఇంకో రెండు క్షణాల గడువిస్తాయి. అయితే నిమిషానికి 2000 చుట్లు తిరిగే ఆ బ్లేడ్ల కొసలు గంటకు దాదాపు 600 కిలోమీటర్ల వేగంతో పోతాయి కాబట్టి, మేమిద్దరం మరింత వెనక్కి జరిగాం. నా ట్రాన్స్‌మిటర్‌ను తన ట్రాన్స్‌మిటర్‌కు ట్రెయినర్ పద్ధతిలో కలిపారు. ఆయన వేలు తీస్తే అదుపు తిరిగి ఆయనదే. గాలికి ఎదురుగా పైనుంచి వస్తూ థ్రాటిల్ హోల్డ్ స్విచ్ వేశాను. మోటారు శబ్దం ఆగిపోయి, బ్లేడ్ల సవ్వడి ఒక్కటే మిగిలింది. వన్-వే బేరింగ్ ఉండటంవల్ల మోటారు ఆగినా రోటర్ తిరుగుతూనే ఉంటుంది, కలెక్టివ్‌ను కాస్త కిందికి ఉంచితే దిగుతున్న హెలికాప్టర్‌కు ఎదురొచ్చే గాలే దాన్ని తిప్పుతుంది. “ఇంకా లాగకండి... ఇంకా వద్దు... ఇప్పుడు ముక్కెత్తండి,” అంటూ ఆయన పక్కనే చెబుతున్నారు. ముక్కెత్తగానే వేగం తగ్గి రోటర్ ఊపందుకుంది, హెలికాప్టర్‌ను సమం చేసి, నేలకు మోకాలెత్తున ఉండగా కలెక్టివ్ పైకి లాగితే కాళ్లలాంటి స్కిడ్లు గడ్డిని తాకాయి. కలెక్టివ్ ముందే లాగేవారు ఎక్కువమందట. గాలిలోనే శక్తినంతా ఖర్చు చేసి, చివరి మీటరుకు ఏమీ మిగుల్చుకోరు.

తలకిందుల హోవర్ నేర్పమని చివరి రోజు అడిగాను. వెనక్కి ఎగురుతూ రెండు దిశల్లోనూ వృత్తాలు తిప్పడం కుదిరేదాకా మైదానంలో వద్దన్నారు, సిమ్యులేటర్‌లో మాత్రం ఒప్పుకున్నారు. తోక నా వైపు ఉండగా హెలికాప్టర్‌ను పక్కకు దొర్లించి బోర్లించితే, కలెక్టివ్, ఎలివేటర్, రడ్డర్ మూడూ తిరగబడ్డాయి. ఎయిలెరాన్ ఒక్కటే మునుపటిలా పనిచేసింది. ఒక్కో రోజు ఒక్క స్టిక్ పనినే ఆలోచిస్తూ సాధన చేయమని, మొదటి వారమంతా కలెక్టివ్‌కే కేటాయించమని, దిగిపోతున్నప్పుడు స్టిక్‌ను కిందికి నెట్టడం ఆలోచన లేకుండా జరిగేదాకా మిగతా రెండింటి జోలికి పోవద్దని చెప్పి, ఆయన నా టైమర్‌ను మళ్లీ పాత అంకెకు మార్చి ఇచ్చారు.