పర్లాకిమిడిలో లఘుకౌముది చదువు: నా అనుభవం

పాణిని సంస్కృత వ్యాకరణంలోకి తొలిమెట్టు లాంటి పుస్తకం లఘుసిద్ధాంతకౌముదిని పాఠం చెప్పించుకుని, గీతతోనూ రఘువంశంతోనూ సరిచూసుకుంటూ చదివాను. ఆ చదువు ఏ వరుసలో సాగాలో, ఎక్కడ చిక్కు పడుతుందో, ఎందుకు పడుతుందో ఇక్కడ రాస్తున్నాను. గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువాళ్లని మనసులో పెట్టుకుని రాస్తున్నది ఇది. మన చిక్కులు విజయనగరంలోనో తిరుపతిలోనో చదువుకునేవాళ్లకి ఉండవు. మనకి ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. కౌముది మొదటి పేజీ దగ్గరే ఈ రెండూ అడ్డుతగులుతాయి.

ఒడియాలో పదం మొదట ఉన్న య, జ అయిపోతుంది. వ, బ రెండూ బ గానే పలుకుతాయి, రాతలో కూడా ఎక్కువగా ఒకే అక్షరం. శ, ష, స మూడూ స లో కలుస్తాయి. క్ష అన్నది ఖ్య లా వినిపిస్తుంది. అది ఆ భాష స్వభావం, అందులో వంక పెట్టడానికేమీ లేదు. కానీ పాణిని యంత్రమంతా అక్షరాల గుంపుల మీద నడుస్తుంది. యణ్ అంటే య వ ర ల. జశ్ అంటే జ బ గ డ ద. య జ గానూ, వ బ గానూ వినిపించే చెవికి ఈ రెండు గుంపుల్లో సగం కలిసిపోతాయి. అప్పుడు 'ఇకో యణచి' (6.1.77, అంటే పాణిని అష్టాధ్యాయిలో ఆరో అధ్యాయం, మొదటి పాదం, 77వ సూత్రం) ఏ అక్షరం తెస్తుందో, 'ఝలాం జశోఽన్తే' (8.2.39) ఏది తెస్తుందో విద్యార్థికి తేడా తెలియదు. సూత్రం కంఠస్థం వచ్చినా రూపం తప్పుతుంది.

శ ష స ల సంగతి ఇంకా ముఖ్యం. సప్తమీ బహువచనంలో రమాసు అంటాం, రామేషు అంటాం. ప్రత్యయం ఒకటే, సు. ఏ కారం తర్వాత వచ్చింది కాబట్టి 'ఆదేశప్రత్యయయోః' (8.3.59) దాన్ని ష చేసింది. ఆ కారం తర్వాత వచ్చినచోట అలాగే ఉండిపోయింది. రెండూ ఒకేలా పలికేవాడికి అసలు ఇక్కడ ఒక సూత్రం పనిచేసిందనే అనుమానమే రాదు.

తెలుగు వల్ల వచ్చే ఇబ్బంది వేరు. మనం అన్ని వర్గాల ముందూ సున్న పెట్టేస్తాం. పంకజం, సంజయ, కంఠం, శాంతం, అన్నిటికీ ఒకటే సున్న. సంస్కృతంలో అవి పఙ్కజ, సఞ్జయ, కణ్ఠ, శాన్త. 'అనుస్వారస్య యయి పరసవర్ణః' (8.4.58) చేసే పనంతా సున్న కింద దాక్కుంటుంది. అందుకే వావిళ్ల వారి తెలుగు లిపి పుస్తకాలతో చదివినా, సాధన (రూపం ఏ సూత్రాలతో ఎలా వచ్చిందో మెట్టుమెట్టుగా చూపడం) రాసే నోటుబుక్కులో మాత్రం ఙ ఞ ణ న మ విడివిడిగా రాయాలని నా పట్టుదల. దేవనాగరిలో రాసినా సరే, సున్న మాత్రం అక్కడా వాడకూడదు. ఋ ని రు అనడం తెలుగుకీ ఒడియాకీ ఉమ్మడి అలవాటు. పలకడం మారకపోయినా ఫర్వాలేదు గానీ, అది అచ్చు అన్నది మరిచిపోకూడదు. కృష్ణలో ఉన్నది క్, ఋ. రేఫ అక్కడ లేదు.

కాబట్టి మొదటి పని పద్నాలుగు మాహేశ్వర సూత్రాలు. అఇఉణ్ నుంచి హల్ దాకా రోజూ పొద్దున్న నింపాదిగా, చివరి పొల్లు స్పష్టంగా వినిపించేలా చెప్పాలి. ఆ పొల్లు అక్షరం ఇత్తు, లెక్కలోకి రాదు, హద్దురాయి మాత్రమే. ప్రత్యాహారాలు, అంటే ఈ సూత్రాలతో కట్టిన అక్షరాల గుంపుల పేర్లు, 40 పైచిలుకు ఉన్నా మొదట అచ్, హల్, ఇక్, యణ్, ఏచ్, ఏఙ్, ఝల్, ఝశ్, జశ్, ఖర్, చర్, శర్ చాలు. వీటిలో ఏది అడిగినా అక్షరాలు తడుముకోకుండా చెప్పగలిగేవరకూ సంధి ప్రకరణం తెరవకూడదు. ణ్ రెండుసార్లు వస్తుంది, అక్కడ అందరూ ఆగుతారు. సంప్రదాయం తేల్చిన మాట ఇది: ఇణ్ ఎప్పుడూ రెండో ణ్ దాకా. అణ్ మొదటి ణ్ దాకానే, 'అణుదిత్సవర్ణస్య చాప్రత్యయః' (1.1.69) ఒక్కచోట తప్ప.

తర్వాతిది సూత్రం చదవడం. సూత్రానికి తెలుగు అర్థం బట్టీ పట్టినవాళ్లు పది సూత్రాలకే అలిసిపోతారు. సూత్రంలో ప్రతి పదానికీ విభక్తి చూసుకుంటే అర్థం దానంతటదే వస్తుంది. షష్ఠిలో ఉన్నది మారేది (1.1.49). ప్రథమలో ఉన్నది దాని బదులు వచ్చేది. సప్తమిలో ఉన్నది దాని వెనక ఉండేది, అంటే మార్పు దానికి ముందున్న అక్షరానికి (1.1.66). పంచమిలో ఉంటే మార్పు దాని తర్వాతి అక్షరానికి (1.1.67). ఇకః షష్ఠి, యణ్ ప్రథమ, అచి సప్తమి. ఇక్కు స్థానంలో యణ్, అచ్చు పరమైతే. తెలుగు మీడియంలో చదివిన పెద్దవాళ్లకి 'ఇ, ఉ, ఋలకు అసవర్ణాచ్చులు పరమైతే య, వ, రలు ఆదేశమవుతాయి' అన్న వాక్యం బడి నాటి నుంచీ నోటికి వచ్చు. అది ఈ సూత్రమే. ఒడియా మీడియం పిల్లలకి ఆ వాక్యం తెలియదు, ఇంట్లో వాళ్లు చెప్పి పెడితే నెలల శ్రమ తగ్గుతుంది.

వరదరాజు లఘుకౌముదిలో 1200 పైచిలుకు సూత్రాలు ఉంటాయి, అష్టాధ్యాయి మొత్తం 4000 కి కాస్త తక్కువ. ఆయన తన గురువు భట్టోజి దీక్షితుల దారిలోనే సూత్రాల్ని పని ప్రకారం పేర్చాడు. మొదలుపెట్టేవాడికి అది మేలే. నష్టం ఏమిటంటే అనువృత్తి (పై సూత్రంలోని పదం కింది సూత్రంలోకి దిగడం) కనిపించదు. 'ఆద్గుణః' అన్నదాంట్లో ఉన్నవి రెండే పదాలు. వృత్తిలో (సూత్రం కింద ఇచ్చిన వివరణలో) మాత్రం 'అచి', 'పూర్వపరయోః', 'ఏకః' అన్నవి ఎక్కడినుంచో దిగుతాయి. అష్టాధ్యాయి వరుసలో చూస్తే 6.1.77 లో అచి, 6.1.84 లో ఏకః పూర్వపరయోః, 6.1.87 లో ఆద్గుణః. పైనుంచి కిందికి జారాయంతే. అందుకని కౌముది పక్కన అష్టాధ్యాయి సూత్రపాఠం చిన్న పుస్తకం ఒకటి తప్పకుండా ఉంచుకోవాలి. ప్రతి సూత్రానికీ అంకె చూసి, పైన ఉన్న పదిపదిహేను సూత్రాలు చదవాలి. వృత్తిని వల్లె వేయడం కంటే ఇది ఎంతో నయం.

అసలు చదువు రూపం సాధించడంలో ఉంది. నోటుబుక్కులో ఎడమపేజీలో రూపం, కుడిపేజీలో ఒక్కో మెట్టుకీ ఒక్కో సూత్రం, దాని అంకె, అది ఇక్కడ ఎందుకు పట్టిందో ఒక ముక్క. రామేణ తీసుకుందాం. రామ అన్న ప్రాతిపదికకి తృతీయ ఏకవచనం టా చేరింది. 'టాఙసిఙసామినాత్స్యాః' (7.1.12) టా మొత్తాన్నీ తీసి ఇన పెట్టింది. రామ + ఇన. 'ఆద్గుణః' తో అ, ఇ కలిసి ఏ అయ్యాయి. రామేన. ఇప్పుడు ర్ కీ న్ కీ మధ్య ఆ, మ్, ఏ ఉన్నాయి. 'అట్కుప్వాఙ్నుమ్వ్యవాయేఽపి' (8.4.2) అచ్చులు, హ య వ ర, కవర్గం, పవర్గం అడ్డున్నా ఫర్వాలేదంటుంది. మ్ పవర్గం. కాబట్టి న్ ణ్ అయింది, రామేణ.

ఇంతటితో వదిలేయకూడదు. అదే సూత్రాన్ని వేరే పదాల మీద పెట్టి చూడాలి. రథేన లో థ్ అడ్డొచ్చింది, అది తవర్గం, ణత్వం (న్ ణ్ కావడం) లేదు. అర్జునేన లో జ్ అడ్డు. మూర్ఖేణ లో ఖ్ కవర్గం కాబట్టి ణత్వం వచ్చింది. రామాన్ లో అడ్డేమీ లేకపోయినా న్ పదం చివర ఉంది, 'పదాన్తస్య' (8.4.37) ఆపేసింది. ఈ నాలుగూ వరుసగా రాసినవాడు జన్మలో ణత్వం తప్పడు. శబ్దమంజరి వల్లె వేసి వదిలేసినవాడు రథేణ అని రాసేది ఇక్కడే. శబ్దాలు కంఠస్థం ఉండాలి, అందులో రాజీ లేదు. కానీ రూపం నోటికి రావడం, అది ఎందుకలా ఉందో తెలియడం రెండూ కలిస్తేనే కొత్త పదం వచ్చినప్పుడు ధైర్యంగా రాయగలం. రోజుకి అయిదు సూత్రాలు మించి కొత్తవి ఎక్కించకూడదు, నిన్నటివి, వారం కిందటివి ముందు చెప్పాకే కొత్తవి.

లింగం దగ్గర తెలుగు మనల్ని గట్టిగా మోసం చేస్తుంది. వృక్షం, గ్రామం, మార్గం, సముద్రం, పర్వతం, గ్రంథం, స్వర్గం. తెలుగులో అన్నీ మువర్ణాంతాలే, వినగానే నపుంసకం అనిపిస్తాయి. సంస్కృతంలో ఇవన్నీ పుంలింగాలు: వృక్షః, గ్రామః, మార్గః. వనం, ఫలం, గృహం మాత్రం నిజంగానే నపుంసకాలు. మహిమ, గరిమ స్త్రీలింగంలా వినిపిస్తాయి, అవి మహిమన్, గరిమన్, పుంలింగాలు. దేవత స్త్రీలింగం, మగ దేవుడి గురించి చెప్పినా సరే. దీనికి అమరకోశం తప్ప వేరే మందు లేదు. మూడు కాండలూ ఒకేసారి ఎత్తుకోనక్కర్లేదు. రోజుకి రెండు శ్లోకాలు, పదంతోపాటు లింగం, అంతం, మూడూ కలిపి నోట్లో నాననివ్వాలి.

సంధులు, అజంత (అచ్చు చివర ఉన్న) శబ్దాలు, లట్ (వర్తమానం), లఙ్ (భూతకాలం) లకారాలు అయ్యాక భగవద్గీత పట్టుకోవచ్చు. అందులో 700 శ్లోకాలు, చాలావరకు మన చెవిన పడ్డవే, అర్థం కోసం తడుముకునే పని తక్కువ. మొదటి శ్లోకమే తీసుకుంటే 'సమవేతా యుయుత్సవః' దగ్గర ఆగాలి. సమవేతాః అన్నదాని విసర్గ ఏమైంది? స్ రు అయింది (8.2.66), ఆ కారం ముందుండి అశ్ (అచ్చులు, నాదం ఉన్న హల్లులు) పరమైంది కాబట్టి రు య్ అయింది (8.3.17), హల్లు పరమైంది కాబట్టి ఆ య్ లోపించింది (8.3.22). 'పాణ్డవాశ్చైవ' లో విసర్గ స్ అయి (8.3.34), చ పక్కన శ్ అయింది (8.4.40). అకుర్వత అన్నది కృ ధాతువు, లఙ్, ఆత్మనేపదం, ప్రథమపురుష బహువచనం. రోజుకి ఒక్క శ్లోకం ఇలా విప్పితే చాలు. అన్వయం కుదరనప్పుడు క్రియ పట్టుకుని ఎవరు, దేన్ని, దేనికోసం అని అడగాలి. రఘువంశానికి వచ్చేసరికి ఈ పని మల్లినాథసూరి చేసిపెడతాడు. మెదక్ కొలిచెలమ వాడు, మనవాడు. అన్వయం వెంటే నడిచే ఆయన వ్యాఖ్య ముందు మూసిపెట్టి, సొంతంగా అన్వయం రాసుకుని, ఆ తర్వాత తెరిచి చూడాలి.

గీత చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 'పూర్వత్రాసిద్ధమ్' (8.2.1) అన్న సూత్రం ప్రకారం అష్టాధ్యాయి చివరి మూడు పాదాల్లో జరిగిన పని అంతకు ముందు సూత్రాలకి కనపడదు. హరే + ఇహ అన్నచోట 'ఏచోఽయవాయావః' (6.1.78) తో హరయ్ ఇహ అవుతుంది. 'లోపః శాకల్యస్య' (8.3.19) య్ ని తీసేస్తే హర ఇహ. ఇప్పుడు అ, ఇ పక్కపక్కనే ఉన్నాయి కదా, గుణం చేసి హరేహ అనేద్దామా అంటే కుదరదు. 8.3.19 చేసిన లోపం 6.1.87 దృష్టిలో జరగనే లేదు, దానికి అక్కడ య్ ఇంకా ఉంది. ఈ ఒక్క ఉదాహరణ మీద ఎంతసేపు కూర్చున్నా దండగ కాదు, పాణిని కట్టడం మొత్తం ఇందులో కనిపిస్తుంది.

ఇది తెలిసినవాడు విశ్వరూప సందర్శనంలో 'హే సఖేతి' (11.41) దగ్గర వెంటనే ఆగుతాడు. సఖే + ఇతి, సఖయితి కావాలి, లేదా సఖ ఇతి. అక్కడ గుణం కూడా జరిగిపోయి సఖేతి ఉంది. దీన్ని ఆర్షం, అంటే సూత్రానికి అందని ఋషి ప్రయోగం అంటారు. 'సేనానీనామ్' (10.24) కూడా అంతే, సూత్రం ఇచ్చేది సేనాన్యామ్. 'శక్య అహమ్' (11.48) లో శక్యోఽహమ్ రావాలి. ఇలాంటివి దొరికినప్పుడు నోటుబుక్కు చివర విడిగా ఒక పేజీ పెట్టి అధ్యాయం, శ్లోకం అంకెలతో రాసుకోవాలి, పక్కన సూత్రప్రకారం వచ్చే రూపం కూడా. పారాయణలో ఉన్నదాన్ని మార్చకూడదు, మన రాతలో మాత్రం వాడకూడదు. ఋషి వాక్కులో ఉంది కదా అని పరీక్ష జవాబులో సఖేతి రాస్తే దిద్దేవాళ్లు సంధి తప్పుగానే లెక్కవేస్తారు, వేయాలి కూడా.