సాక్షి బోనులో పది నిమిషాలు

పొలం గట్టు తగాదాలో నిన్న హనుమకొండ కోర్టులో సాక్ష్యం చెప్పాను. వల్లె వేసుకున్నదంతా బోనెక్కగానే ఎగిరిపోయింది. "అభిప్రాయం వద్దు, చూసింది చెప్పండి" అన్నారు వకీలు. చేతిలోని సమన్ల కాగితం చెమటకు మెత్తబడింది.

కాజీపేట బస్సులో బైబిల్లోని ప్రకటన గ్రంథం 19:10 గుర్తుకొచ్చింది. యోహాను మొక్కడానికి దేవదూత పాదాల మీద పడితే, వద్దు, నేనూ నీతోటి దాసుణ్ణే అంటాడు ఆ దూత. యేసును గురించిన సాక్ష్యమే ప్రవచనసారం అంటాడు. నేనేమో ప్రవచనమంటే రాబోయే తేదీల లెక్క అనుకుని సంఘంలో గంటలకొద్దీ వాదించాను (గొంతు నాదే పెద్దది). దూత తనను పక్కన పెట్టుకుని యేసును చూపించాడు. నేను చూపించింది క్యాలెండరు.

ఈ ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు పాస్టరు గారు. నిజంగా చూసిందెంతో లెక్క వేసుకుంటున్నాను. రెండు నిమిషాలకు మించి రావడం లేదు.